రాణివాసమున రాజనీతి

ఒంటిమిట్ట కోదండరామస్వామికి చైత్రమాసమున పండువెన్నెలలో కల్యాణము చేయుట మా యూరి ఆచారము. తక్కిన క్షేత్రములందు శ్రీరామనవమినాటి మిట్టమధ్యాహ్నమున జరుగు ఆ వేడుక ఇచ్చట రాత్రివేళ జరుగుటకు చంద్రునికి స్వామి యిచ్చిన మాటయే కారణమని పెద్దలు చెప్పుదురు. గర్భాలయమున ఒకే శిలయందు వెలసిన సీతారామలక్ష్మణులు ఉన్నారు గాని హనుమంతుడు లేడు. స్వామికి హనుమంతునితో ఇంకను సమావేశము కాని నాటి సన్నివేశమిదియని స్థలపురాణము. అనగా ఈ గుడిలో కాలము అరణ్యవాసపు తొలినాళ్లయొద్ద, కైక అడిగిన రెండు వరములకును సుగ్రీవసఖ్యమునకును నడుమ నిలిచియున్నది. ఆ మువ్వురును అడవికి వచ్చుటకు మూలమైన రాణిని మాత్రము కల్యాణమునకు వచ్చు వేలాది భక్తులలో తలంచువారు అరుదు. తలంచినను తిట్టుటకే తలంతురు.

నిరుడు ఆ వేడుకకు వచ్చిన మా మనుమరాలు, పెండ్లి ముహూర్తమునకు ఇంకను చాల పొద్దున్నదని, నడవలో కూర్చుండి ఫోనులో కొరియా దేశపు ధారావాహిక యొకటి చూచుచుండెను. పట్టపురాణి తన కొడుకులను కాపాడుకొనుటకు అత్తగారైన రాజమాతతో చేయు పోరాటము అందలి కథ. నేనును ప్రక్కన కూర్చుండి రెండు భాగములు చూచితిని. ఉన్నట్టుండి ఆ పిల్ల, "జేజినాయనా, మన కైక కథ గూడా ఇట్లాంటిదే గదా! మనోళ్లు ఆమె కథను ఇట్లా ఎందుకు తియ్యలేదు?" అని అడిగినది. ఆ రాత్రి నేను ఏదో చెప్పి తప్పించుకొంటిని. తరువాత ఏడాది పొడవునను కొరియా, చైనా దేశముల అంతఃపుర కథలను వరుసగా చూచుచు, మన పురాణేతిహాసములను, నవలలను, చలనచిత్రములను మఱల తిరుగవేయుచు, ఆ ప్రశ్నకు సమాధానము వెదకితిని. ఈ వ్యాసము ఆ వెదకులాటయొక్క ఫలము.

ముందుగా చైనావారి సంగతి. 2011లో వెలువడి 76 భాగములుగా నడచిన 'జెన్ హువాన్' కథ ఈ జాతికంతకును శిరోమణియని నా అభిప్రాయము. కథాకాలము చింగ్ వంశీయుడైన యోంగ్‌జెంగ్ చక్రవర్తి పరిపాలనము, అనగా 18వ శతాబ్ది పూర్వభాగము. పరిచారికలతోను ఉపపత్నులతోను నిండిన ఆ ప్రాసాదమునకు ఎన్నికచే తేబడిన ఒక కన్య, పదవి వెంబడి పదవి యెక్కుచు, నడుమ మఠమునకు వెడలగొట్టబడి, తిరిగివచ్చి, తుదకు రాజమాత యగుట అందలి ఇతివృత్తము. ఈ కథయందు ఆయుధము కానిదంటూ లేదు. హువా యను ఉపపత్నికి చక్రవర్తి స్వయముగా ప్రీతితో నొసంగిన ధూపద్రవ్యములో కస్తూరి కలదు. ఆ కస్తూరి ఆమెకు గర్భము నిలువనీయదు. ఆమె యన్న నియాన్ గెంగ్‌యావో మహాసేనాని యగుటచే, ఆ యింటి ఆడుబిడ్డకు రాజకుమారుడు పుట్టినచో సింహాసనమునకు చిక్కు వచ్చునని చక్రవర్తి భయము. ఈ యొక్క సన్నివేశములో సేనాధిపత్యము, వారసత్వము, దాంపత్యము మూడును ఒక ధూపకలశములో నిమిడియున్నవి. తనను ప్రేమించిన చేతియే తన కడుపును కాల్చినదని తెలిసిన నాడు ఆ హువా పడిన దుఃఖమును చూచి, అంతవఱకు ఆమెను ద్వేషించుచు వచ్చిన నా కన్నులు చెమ్మగిల్లినవి. అధికారమునకు బలియైనవారిని దుష్టులుగా తీర్చి విడిచిపెట్టక, వారి దుష్టత్వమునకు మూలమెచ్చటనున్నదో చూపుటయే ఈ కథయొక్క ఔన్నత్యము.

2018లో వచ్చిన 'యాన్‌షీ ప్రాసాద' కథ ఇంత లోతైనది కాదు. కుట్టుపనివారి శాలలోనికి దాసిగా వచ్చిన యువతి తన అక్కను చంపినవారిపై పగతీర్చుకొనుచు పైకి వచ్చుట చూచువారికి ఉత్సాహకరమే గాని, ప్రతి మెట్టునను ఆమెయే గెలుచుటచే అధికారముయొక్క బరువు తెలియదు. ఐనను దానికి వచ్చిన ఆదరణము అపారము. 2019 ఆరంభమున ప్రభుత్వ పత్రికయొకటి ఇట్టి కథలను విమర్శింపగా దాని పునఃప్రసారములు నిలిచిపోయినవి. అంతకుముందే, 2014లో, చైనా చరిత్రలో స్వయముగా చక్రవర్తి బిరుదము ధరించి 690 నుండి 705 వఱకు ఏలిన ఏకైక స్త్రీ వూ జెతియాన్ కథను తీసిన ధారావాహికకును స్త్రీల వస్త్రధారణమును గూర్చి ఆక్షేపణ వచ్చి, దృశ్యములు కత్తిరింపబడి మఱల ప్రసారమైనవి. స్త్రీ యధికారమును చూచుటకు జనులెంత ఆతురపడుదురో, చూపుటకు పాలకులంత జంకుదురనుట ఈ రెండు సంఘటనలవలనను తెలియుచున్నది.

కొరియా కథల పద్ధతి వేఱు. చైనా కథలో కన్నులన్నియు చక్రవర్తి శయ్యామందిరముపై నుండగా, కొరియా కథలో అవి సభామండపముపై నుండును. జోసోన్ రాజ్యమున రాజు నిరంకుశుడు కాడు. మంత్రులు కక్షలుగా చీలి విన్నపముపై విన్నపము సమర్పింతురు. రాజుయొక్క ప్రతి పలుకును లేఖకులు వ్రాసికొనుచుందురు. ఆ వ్రాతను రాజు సైతము చదువరాదు. కావున రాణి గెలుపోటములు అచ్చట కక్షల గెలుపోటములే. సుక్‌జోంగ్ రాజు కాలమున 1689లో ఇన్‌హ్యోన్ రాణి పదభ్రష్టురాలగుట, ఉపపత్నియైన జాంగ్ పట్టపురాణి యగుట, 1694లో ఇన్‌హ్యోన్ తిరిగివచ్చుట, 1701లో ఆమె మరణించిన పిమ్మట జాంగ్‌కు విషమిచ్చి మరణదండనము విధించుట అను నీ చరిత్రను కొరియావారు మాటిమాటికి తీసిరి. 2010లో వచ్చిన 'దోంగ్ యీ' యందు జాంగ్ కుటిలురాలు. 2013లో వచ్చిన మఱియొక కథలో ఆమెయే నాయిక. ఒకే స్త్రీని ఒకమాఱు దోషిగను, ఒకమాఱు దుఃఖితగను చూపగలుగుట జాతికి తన చరిత్రపైనున్న చనవునకు గుఱుతు. మా మనుమరాలు చూచిన కథ 2022నాటిది; అందలి రాణి కల్పితురాలు. ఐనను బాలరాజు తరఫున రాజమాత తెఱవెనుక కూర్చుండి పాలించు పద్ధతి ఆ దేశమున నిజముగా నుండెడిది. 15వ శతాబ్దమున జోంగ్‌హీ రాజమాత దానికి మొదలు పెట్టినది. ఇట్టి పద్ధతి యుండుటచే అచ్చటి రచయితకు రాణియధికారమును ఊహింప పనిలేదు, వర్ణించిన చాలును.

ఇక మన కైక. అయోధ్యాకాండమును భక్తితో చదివినవారే గాని రాజనీతిదృష్టితో చదివినవారు కొందఱే. వాల్మీకి చూపిన దశరథుని అంతఃపురమును నిదానముగా పరిశీలించినచో, జెన్ హువాన్ తిరిగిన ప్రాసాదమునకు అది ఏమాత్రమును తీసిపోదు. కౌసల్య పట్టపురాణియే గాని, భర్త ఆదరణము కైకకు పోవుటచే, కైక పరిచారికలకు సమానముగనో అంతకంటె తక్కువగనో తన బ్రతుకున్నదని కొడుకు ముందు వాపోవును. ఐనను ఆమె నిరాధార కాదు. ఆమెను ఆశ్రయించినవారికే వేయి గ్రామములున్నవనియు, తనవంటివారిని వేయిమందినైనను ఆమె భరింపగలదనియు లక్ష్మణుడు చెప్పును. అనగా రాణులకు వేఱువేఱుగా ఆదాయములు, పరిజనము, పలుకుబడియు కలవు. భరతుడు మేనమామ ఇంటనున్న వేళ పట్టాభిషేకము నిశ్చయించుట కేవలము ముహూర్తబలముచే జరిగినది కాదు. అతడు ఊరలేనప్పుడే ఇది జరుగుట మేలని దశరథుడు రామునితో స్వయముగా అనును. అన్నిటికంటె ముఖ్యమైన మాట చిత్రకూటమున బయటపడును. కైకను పెండ్లియాడునాడు ఆమె తండ్రికి దశరథుడు రాజ్యమునే శుల్కముగా నొప్పుకొనెనని రాముడు భరతునితో చెప్పును. ఈ మాటను మనస్సున నుంచుకొని వెనుకకు మరలి చదివినచో, కోపగృహమున నేలపై పడియున్న కైక మనకు వేఱొక స్త్రీగా కనబడును. ఆమె అడిగినది కొత్త కోరిక కాదు, మఱవబడిన ఒడంబడిక. మంథర విషము పోసినదను మాట నిజమే, కాని ఆ విషమునకు పాత్ర యైనది ఆ పాత ఒప్పందము.

కైక చేసినది తప్పుకాదని నేను వాదించుట లేదు. ఒంటిమిట్టలో పుట్టి పెరిగినవాడు ఆ వాదము చేయలేడు. నా దుఃఖమంతయు, ఇంత రాజకీయము నిండియున్న కథను మనము కేవలము ఒక సవతి తల్లి దుర్బుద్ధిగా కుదించుకొంటిమనియే. మా సీమలో తోలుబొమ్మలాటవారు ఆడినను, హరికథకులు చెప్పినను, మంథర వంకర నడకకు నవ్వు, కైక కాఠిన్యమునకు శాపము, దశరథుని యేడ్పునకు కన్నీరు; రాజ్యశుల్కము మాట మాత్రము ఎత్తరు. బద్వేలు దగ్గఱి గోపవరపు మొల్లగా ప్రసిద్ధురాలైన మా కవయిత్రి అయోధ్యాకాండమును మిక్కిలి సంగ్రహించి, సుందర యుద్ధకాండములను విస్తరించినది. ఒక స్త్రీ కవి కైకయొద్ద మఱికొంతసేపు నిలిచియుండిన ఎట్లుండెడిదో యని నేను తఱచు తలపోయుదును. జమ్మలమడుగున పుట్టి, ఒంటిమిట్ట గుడిని ఉద్ధరించుటకు టెంకాయచిప్ప చేతబట్టి ఊరూర తిరిగిన వావిలికొలను సుబ్బారావుగారు, వాల్మీకిని యథాతథముగా తెనిగించి, దానికి 'మందరము' అను వ్యాఖ్య సంతరించి, అడిగినవారికి మూలమునందలి ఆ రహస్యమును అందుబాటులోనికి తెచ్చిరి. విశ్వనాథ సత్యనారాయణగారు కల్పవృక్షమున కైకను రాముని అవతారకార్యమునకు తోడ్పడిన తల్లిగా తీర్చిరి. అది గొప్ప కల్పన; కాని దానివలనను కైకకు తన దోషము పోయినదే తప్ప తన యధికారకాంక్ష తనకు దక్కలేదు. 1971లో బాపు తీసిన 'సంపూర్ణ రామాయణము'లో జమున ధరించిన కైక అందఱికిని జ్ఞాపకమే. ఆ ముఖమున గర్వము, భయము, పశ్చాత్తాపము చక్కగా కదలినవి, కాని కథలో ఆమెకు దొరకిన చోటు మిక్కిలి స్వల్పము.

రాజ్యతంత్రము నెఱపిన స్త్రీని మన సాహిత్యము బాహాటముగా చిత్రించిన కథ ఒకటే, పలనాటి కథ. నాయకురాలు నాగమ్మ రాణి కాదు; గురజాల నలగామరాజునకు మంత్రిణి. కోడిపందెమున మాచర్లవారిని ఓడించి ఏడేండ్ల వనవాసమునకు పంపిన ఆ స్త్రీ, ఆ గడువు తీరిన తరువాత కార్యమపూడి రణరంగము వఱకు కథను నడపిన ఆ స్త్రీ, బ్రహ్మనాయుడంతటి వానికి సమవుజ్జీ. శ్రీనాథునిదిగా ప్రసిద్ధమైన ద్విపదయందు గాని, పలనాటి వీరవిద్యావంతుల పాటలయందు గాని ఆమెయే కథకు చోదకశక్తి. 1947నాటి చిత్రములో కన్నాంబ, 1966నాటి చిత్రములో భానుమతి ఆ పాత్ర ధరించిరి. ఇద్దఱును మహానటులు; నాగమ్మ మాటాడిన ప్రతిచోటను సభ నిండినట్లుండును. ఐనను ఆమె బుద్ధిని కుతంత్రమనియు, బ్రహ్మనాయుని బుద్ధిని నీతియనియు పేర్కొను అలవాటు మనకింకను పోలేదు. 2009నాటి కొరియా కథ 'సోందోక్ రాణి'లో మిషిల్ అను పాత్ర కలదు. సింహాసనమునకు అర్హత లేకపోయినను దేశమును నలువది యేండ్లు చేతిలోనుంచుకొన్న స్త్రీ. కథలో ఆమె ప్రతినాయికయే. కాని ఆమె మరణించిన నాడు గెలిచిన నాయిక ఆమె ముందు తలవంచి నమస్కరించును. నాగమ్మకు అట్టి నమస్కారము చేసిన తెలుగు దృశ్యము నేనెఱుగను.

బొబ్బిలి కథలోని మల్లమ్మదేవి గూర్చి ఎక్కువ చెప్పవలసినది లేదు; 1757 యుద్ధమును కథలుగా పాడినవారును, 1964లో చిత్రముగా తీసినవారును ఆమెను శౌర్యముగల ఇల్లాలిగా చూపిరి, అది చాలునని తలంచిరి.

మా కడప జిల్లాకు గర్వకారణమైన ఒక చిత్రము ఇచ్చట తప్పక స్మరింపదగినది. పులివెందుల ప్రాంతపు కొత్తపల్లెలో 1908లో జన్మించిన బి.ఎన్. రెడ్డిగారు 1951లో 'మల్లీశ్వరి' తీసిరి. వానలో తడిసిన పల్లెపిల్ల యొకతెకు రాణివాసము పల్లకి పంపుమని, ఆమె బావ వేళాకోళమునకు, రాయలవారినే అడుగును. ఆ పల్లకి నిజముగా వచ్చును. అంతటితో ఆమె జీవితము రాణివాసపు గోడల నడుమ చిక్కుపడును. అంతఃపురమును బయటనుండి కాక లోపల చిక్కుకొన్న ఆడుపిల్ల కన్నులతో చూచుట తెలుగున దీనితోనే సిద్ధించినదని నా నమ్మకము. కృష్ణశాస్త్రిగారి మాట, రాజేశ్వరరావుగారి బాణీ, భానుమతి గొంతు మూడును కలసి ఆ బంధనమును మధురము చేసినవి. 1953లో ఈ చిత్రము చైనాదేశమున చైనా భాషలోని ఉపశీర్షికలతో ప్రదర్శింపబడినది. ఇప్పుడు వారి అంతఃపురములు మన ఫోనులలోనికి వచ్చుచున్నవి; డెబ్బది యేండ్లకు ముందే మన రాణివాసము పల్లకి వారి యూళ్లకు పోయినది. 1885లో సురభి గ్రామమున పుట్టి, ఆడువారి వేషములు ఆడువారే కట్టు సంప్రదాయమును తెలుగు నాటకరంగమున నిలిపిన సురభివారును ఈ జిల్లావారేయని తలంచినప్పుడు, ఈ కఱవు నేలకు రంగస్థలముతో ఎంత బంధుత్వమో కదాయని మనస్సు పొంగును.

కృష్ణరాయల రాణులయందు మల్లీశ్వరికంటె దుఃఖభాగిని యొకతె కలదు. గజపతుల నోడించి రాయలు పెండ్లియాడిన ఆ కళింగ రాజకుమారి, భర్త ఆదరణమునకు దూరమై, కంభముననుండి కాలము గడపెనని ప్రతీతి. 'తుక్కా పంచకము' అను అయిదు సంస్కృతశ్లోకములు ఆమె రచనయని చెప్పుదురు. 1962లో వచ్చిన 'మహామంత్రి తిమ్మరుసు' ఆ వివాహమును కథాంగముగా గ్రహించినది గాని, అందు శోకమంతయు మంత్రిది. గుమ్మడిగారి నటన చేత అది ఉచితమే యైనది. కంభము 1970 వఱకు కర్నూలు జిల్లాలోనిదే. అచ్చటి మహాతటాకమును ఆ రాణియే త్రవ్వించెనని స్థానికులు చెప్పుకొందురు. భర్త విడిచిన రాణి వానలేని సీమలో చెఱువు కట్టించెనను కథను, చైనావారికిచ్చినను కొరియావారికిచ్చినను, అరువది భాగములుగా నడపియుందురు. మనమింకను ఆ కట్టమీద నిలిచి, నీళ్లు చూచి, ఆమెను మఱచి వచ్చుచున్నాము.

ఇంతవఱకు చెప్పినవారు సింహాసనము ప్రక్కన నున్నవారు. సింహాసనముననే కూర్చున్న తెలుగు స్త్రీ రుద్రమ. గణపతిదేవునకు మగసంతానము లేకపోగా, 1262 ప్రాంతమున పట్టమెక్కి, 1289 వఱకు కాకతీయ రాజ్యమును ఏలిన ఆమె శాసనములందు తఱచు రుద్రదేవ మహారాజు అను పురుషనామముతోనే కనబడును. సిల్లా రాజ్యమున 632 నుండి 647 వఱకు ఏలిన సోందోక్ రాణిని ఈమెతో పోల్చిచూచుట మిక్కిలి ఫలవంతము. ఇద్దఱును తండ్రికి కొడుకులు లేకపోవుటచే రాజ్యమునకు వచ్చినవారు. ఆమె స్త్రీనామముతోనే స్త్రీగా ఏలినది; ఈమె పురుషనామము వహింపవలసివచ్చినది. కాని అచ్చటి స్త్రీనామమును ఆమెను రక్షింపలేదు. ఆడుది పాలింపజాలదను నెపముతో 647లో బిదామ్ తిరుగుబాటు చేసెను. ఆ కలహము నడచుచుండగనే ఆమె కన్నుమూసెను. ఈమెపై తిరుగబడినవాడు కాయస్థ అంబదేవుడు. ఇతడు మాకు దూరమువాడు కాడు. కడపకును కమలాపురమునకును నడుమనున్న వల్లూరు అతని పట్టణము. త్రిపురాంతకమున 1290లో అతడు వేయించిన శాసనమున తన విజయములను వరుసగా చాటించుకొనెను. మా సీమ చరిత్రాభిమానులలో అంబదేవుని వీరునిగా కొనియాడువారు పెక్కండ్రు. నేనును చిన్ననాడు అట్లే కొనియాడితిని. ఇప్పుడు వల్లూరు మీదుగా బస్సులో పోవునప్పుడెల్ల, ఎనుబదికి దరియైన రాణి ఈ దిక్కునకు దండెత్తి వచ్చుట తలపునకు వచ్చి మనస్సు బరువెక్కును.

రుద్రమను గూర్చి మన రచయితలు ఊరకుండలేదు. అడివి బాపిరాజుగారి 'గోన గన్నారెడ్డి', నోరి నరసింహశాస్త్రిగారి 'రుద్రమదేవి' తెలుగు చారిత్రక నవలలలో ముందువరుసవి. బాపిరాజుగారిది చిత్రకారుని చూపు. ఆయన రుద్రమకు వర్ణములు, ఆభరణములు, వలపును ఇచ్చెను. నోరివారిది పండితుని చూపు. ఆయన ఆమె చుట్టునున్న సామంతులను, మతకలహములను, సభలను సుస్థిరముగా నిలిపెను. 2015లో గుణశేఖర్ తీసిన చిత్రమున అనుష్క ఆ పాత్రకు గాంభీర్యమిచ్చినది, కాని కథయంతయు మగవేషము బయటపడుట చుట్టు తిరిగినది. పట్టమెక్కకముందు రుద్రమ ఎవరు అను ప్రశ్నకే మూడింటను ఎక్కువ చోటు దక్కినది. పట్టమెక్కిన తరువాత ఇరువదియేడేండ్లు ఆమె ఎట్లు ఏలినది అను ప్రశ్న వెనుకబడినది. నాయంకర పద్ధతిని బలపరచి, కులీనులు కానివారిని సేనాపతులుగా నెత్తి, దేవగిరి యాదవులను త్రిప్పికొట్టి, ఒక్కొక్క సామంతుని లెక్కించి చూచుకొనిన ఆ దినచర్యయే నిజమైన నాటకము. మోటుపల్లి రాజ్యమును ప్రస్తావించిన మార్కోపోలో ఆమె న్యాయమును, వివేకమును ప్రశంసించెను. కాని ఆమెను గతించిన రాజుయొక్క భార్యగా భావించెను. ఆడుది రాజ్యమేలుట భర్త మరణించినప్పుడే సాధ్యమని ఆ ప్రవాసి ఊహించినాడు. మనమును ఇంచుమించు అట్లే ఊహించి, ఆమెను తండ్రికి కొడుకుగను, ప్రతాపరుద్రునకు అమ్మమ్మగను చూచితిమి గాని రాజుగా చూచుట మఱచితిమి. మనుమరాలి ప్రశ్నకు నాకు దొరకిన సమాధానమింతే: మన కథకులు రాణికి శీలమిచ్చిరి, శోకమిచ్చిరి, ఖడ్గమిచ్చిరి, మంతనము మాత్రము మగవారికే యుంచిరి.

వూ జెతియాన్ సమాధియొద్ద ఒక మహాశిల యున్నది. దానిపై ఆమెను గూర్చి ఒక్క అక్షరమైనను చెక్కలేదు. ఆ శూన్యమును చైనావారు పదమూడు శతాబ్దములుగా నానావిధముల వ్యాఖ్యానించుచున్నారు. మన రుద్రమకు శిల దొరకినది, అందు అక్షరములును ఉన్నవి. నల్లగొండ జిల్లాలోని చందుపట్లయందు, 1289 నవంబరు 27 తేదీకి సరియగు దినమున, పువ్వుల ముమ్మడి యను సేవకుడు, కాకతి రుద్రమదేవియు ఆమె సేనాని మల్లికార్జున నాయకుడును శివలోకమునకు పోయినందున, వారి పుణ్యమునకై సోమనాథదేవునకు కొంత భూమి నిచ్చెను. ఆమె అంతిమదినములను గూర్చి మనకు దక్కిన సాక్ష్యమది. దానిని చెక్కించినది రాజకుమారుడు కాడు, మంత్రి కాడు. తన నాయకుని కొలిచిన ఒక సేవకుడు. ఈ చైత్రమున మా మనుమరాలు మఱల వచ్చినప్పుడు ఆమె ఫోనులో ఆ శిలయొక్క ఛాయాచిత్రమును నేను చూపవలెనని యున్నది.